దక్షిణానికి పోయే విమానం

కోదాడ బైపాస్ మీద అంత ఎత్తు బోర్డు కట్టినోళ్లారా, మిమ్మల్నే అడిగేది. ఆ విమానం ఫోటో ఎవరు తీసిండ్రు? మీరు తియ్యలేదు. మీ ఆఫీసుల ఏసీ కింద కూసున్న ఏ ఒక్కరూ తియ్యలేదు. వానల నిలబడి, చున్నీ కెమెరాకు కప్పి తాను తడిసి, "ఇక్కడేం పని నీకు" అన్న పోలీసోనికి జవాబు చెప్పుకుంట తీసినామె ఒకతె ఉన్నది. మూలకున్న ఆమె పేరు కోసి పారేసిండ్రు. మీరు దాన్ని డిజైన్ అంటరు. దొంగతనానికి అది కొత్త పేరు, అంతే.

ఆమె పేరు సరిత. మాడుగులపల్లిల గొర్లు కాసే కాటయ్య బిడ్డ. మిర్యాలగూడలో పరశురాములు ఫోటో స్టూడియోల పని. శ్రావణం పెళ్లిళ్లు మొదలైనయి. కోదాడల ఒక పెళ్లి తీసి, అప్పగింతల ఏడుపులు కూడా అయిపోయినంక, వ్యానుల లైట్లు, స్టాండ్లు సర్దుకొని పరశురాములు, సరిత తిరిగొస్తున్నరు. బైపాస్ పక్కన హోటల్ కాడ చాయ్‌కి ఆగిండ్రు.

సరిత గ్లాసు నోటికాడికి తెచ్చి ఆగింది. పైనున్న బోర్డు మీద ముందుగాల ఆమెకు కనబడ్డది విమానం కాదు, గద్ద. రెక్క కింద, మబ్బుల, చిన్నగ, తోక ఒంచి తిరుగుతున్న గద్ద. ఆ గద్ద ఆమెకు తెలుసు. ఆ తర్వాత చక్రాల నుంచి తోకలాగ సాగిన నీళ్లు, అప్పుడే రన్‌వే వదిలి లేచిన ఆ పెద్ద విమానం. దాని ఒంటి మీద ఇప్పుడు బంగారు రంగు అక్షరాలున్నయి: ఏవియేషన్ అకాడమీ, కోదాడ, అడ్మిషన్లు జరుగుచున్నవి.

"అన్నా, గది సూడు."

పరశురాములు కళ్లద్దాలు నుదుటి మీదికి జరిపి చూసిండు. "గిది నీ విమానం గదనే."

"నాదే."

"మన గోడకున్నదే కదా. కానీ ఏందో తేడా కొడుతుంది."

స్టూడియోల చంటిపిల్లల ఫోటోల నడుమ ఆ ఫోటోను అట్టకు అంటించి పెట్టింది సరిత. వచ్చినోళ్లు పాస్‌పోర్ట్ ఫోటో దిగి, దాన్ని చూసి, "మా పిలగాన్ని గా విమానం పక్కన నిలబెట్టి ఇయ్యరాదు" అని అడుగుతుంటరు. పరశురాములు నిలబెట్టి ఇస్తడు. సరిత మాత్రం ఆ పని ముట్టదు.

ఆమె గ్లాసు బండ మీద పెట్టి రోడ్డు అంచుకు పోయింది. తల పక్కకు వంచింది. మళ్లా ఇటు వంచింది. చాయ్ పోసేటాయన నవ్విండు.

"ఉల్టా తిప్పిండ్రు అన్నా," అన్నది వెనుకకు తిరగకుండనే. "నేను తీసినప్పుడు ముక్కు కుడిచెయ్యి దిక్కున్నది. ఇప్పుడు ఎడమకు పోతుంది. గద్ద కూడా ఆ రెక్క కిందికి పోయింది."

"తిప్పనియ్యి. నీ ఫోటో అంత పెద్దగ అయింది, సంతోషపడు ముందుగాల."

సంతోషం లేదని కాదు. హైదరాబాద్ నుంచి వచ్చే ప్రతి బస్సూ దాని కింద నుంచే పోవాలె. అంత పెద్దగ తన విమానం. ఛాతీల ఏదో పొంగింది, మరుక్షణమే అది మంటయింది. కింద, కుడి మూలకు, తెల్లటి చిన్న అక్షరాలతోటి 'సరిత కాటయ్య, మాడుగులపల్లి' అని ఉండాలె. ఆ మూల ఖాళీ.

ఫ్లెక్స్ దుకాణం పేరు బోర్డు కిందనే ఉంది. తెల్లారి పొద్దున బస్సెక్కి మళ్లా కోదాడ పోయింది. దుకాణంల రంగు వాసన ముక్కు పుటాలను కొరుకుతుంది. మిషను తల అటూ ఇటూ ఉరుకుతుంటే ఎవరిదో పుట్టినరోజు మొఖం నుదురు నుంచి కిందికి మెల్లగ దిగుతుంది. డిజైనర్ చిరంజీవి నేల మీద కూర్చొని ఇంకో ఫ్లెక్స్ అంచులు మడిచి గమ్ము పెట్టి, సుత్తెతోటి రింగులు కొడుతున్నడు.

"బైపాస్ మీద విమానం బోర్డు చేసింది నువ్వేనా తమ్ముడు?"

"నేనేనక్కా. బాగుంది కదా. అందరూ అదే అడుగుతున్నారు, అలాంటిది చేసివ్వమని."

"ఆ ఫోటో ఏడికెళ్లి వచ్చింది?"

"వాట్సాప్‌లో వచ్చింది. మన ఫోటోగ్రాఫర్ల గ్రూపుంది కదా, అందులో ఎవరో పెట్టారు."

"పెట్టింది నేను."

సుత్తె ఆగింది. ఆమె మొఖం చూసిండు, మెడల వేలాడుతున్న కెమెరా సంచి చూసిండు. లేచి ప్యాంటు దులుపుకొని స్టూలు జరిపిండు. "కూర్చోక్కా. నిజంగా నువ్వే తీశావా? నేనేదో బయటి దేశంది అనుకున్నా."

"మూలకు పేరున్నది కదా."

"ఉంది. కట్ అయింది."

"కట్ అయిందా, కట్ చేసినవా?"

"కట్ చేస్తేనే కదక్కా కట్ అయ్యేది," అన్నడు, తప్పు ఒప్పుకున్నోడిలాగ కాదు, కొలత చెప్పినోడిలాగ. "సైజు చాలలేదు. ఫోన్ నంబర్లు రావాలిగా."

"మరి ఉల్టా ఎందుకు తిప్పినవ్?"

దానికి మాత్రం చిరంజీవికి కొంచెం నవ్వొచ్చింది. కంప్యూటర్ దగ్గరికి తీసుకపోయి బోర్డు బొమ్మ తెరిచిండు. "ఇదిగో, బోర్డు చూసేవాళ్ల మొహం తూర్పుకుంటది. అప్పుడు కుడిచెయ్యి ఏది? దక్షిణం. నువ్వు తీసిన విమానం కుడికి పోతుంది. అకాడమీ ఓనర్ గోపాల్ సార్ వాస్తు ఆయన్ని తీసుకొచ్చాడు. యముడి దిక్కుకి ముక్కు పెట్టి విమానం లేపితే పిల్లలెవరు చేరతారు అన్నాడాయన. ఉత్తరం కుబేరుడిది కదా, అటు తిప్పమన్నారు. ఒక్క బటన్. తిరిగిపోయింది."

"ఆ విమానం పోయింది పడమరకు తమ్ముడు. ఆ రోజు గాలి పడమటిది. విమానం గాలికి ఎదురు లేస్తది."

"బోర్డు మీద పడమర ఉండదక్కా. కుడి, ఎడమే."

సరితకు కూడా నవ్వొచ్చింది. ఆపుకుంది. తెర మీద వేలు పెట్టి రెక్క కింద చూపించింది. విమానానికి నంబరులాంటి అక్షరాలు రెక్క అడుగున రాసి ఉంటయి. ఒంటి మీది కంపెనీ పేరైతే తుడిచి బంగారు అక్షరాలు రాసిండు గాని, రెక్క కిందివి వదిలేసిండు. అవి అద్దంల చూసినట్టు వెనుకకు తిరిగి ఉన్నయి.

"గివి?"

"ఎవరు చదువుతారక్కా రెక్క కింద," అన్నడు చిరంజీవి. కానీ ఈసారి గొంతు చిన్నగైంది. పెద్దది చేసి చూసిండు. నాలుక కరుచుకున్నడు.

గోపాల్ సార్ ఆఫీసు మెయిన్ రోడ్డు మీద, మొదటి అంతస్తుల. మాడుగులపల్లిల పొలాలు, కోదాడల రైస్ మిల్లు, ఇప్పుడు ఈ అకాడమీ. ఏ పార్టీ మీటింగైనా ముందు వరుసల కుర్చీ ఉంటది. మనిషి మర్యాదస్తుడే. సరిత పేరు, ఊరు చెప్పంగనే కుర్చీ చూపించిండు.

"మన కాటయ్య బిడ్డవా? కూసో. మీ నాయిన ఏటా ఎరువుకు మందను నా పొలంలనే పెడతడు కదా. కాలువకు నీళ్లు వదిలేలోపు ఈసారి కూడా తోలమని చెప్పిన. ఏం చదివినవ్? మా అకాడమీల చేరుతవా?"

"ఫోటో గురించి వచ్చిన సార్. బోర్డు మీద విమానం నేను తీసింది."

"ఆహా." నిజంగనే మెచ్చుకున్నడు. "ఆడపిల్లవు, విమానాలు తీస్తవా? మంచిది. అయితే ఏందిప్పుడు?"

"నన్ను అడగలె. నా పేరు తీసేసిండ్రు."

గోపాల్ కుర్చీల వెనుకకు వాలిండు. "ఆకాశంల పోయేదానికి ఓనరెవరమ్మ? మబ్బులు నీయా? గద్ద నీదా?"

"విమానం నాది కాదు సార్. గద్ద నాది కాదు. ఆ రెండు ఒక్కతాన ఉన్న ఆ గడియ నేను పట్టుకున్న. గది నాది."

"సరే, నీకేమన్న ఇప్పిస్త. పోయేటప్పుడు కింద కలువు."

"ఇచ్చుడు వద్దు. పేరు కావాలె."

"పేరేం చేసుకుంటవ్ బిడ్డా," అని నవ్వి ఫోన్ అందుకున్నడు. మాట అయిపోయింది అని ఆమెకు చెప్పే తీరు అది. సరిత లేచి మెట్లు దిగింది. కింద ఎవరినీ కలువలేదు.

ఆ రాత్రి సరిగ నిద్ర పట్టలేదు. తెల్లారి పెళ్లి లేదు. స్టూడియోకు పోలేదు. కెమెరా సంచి భుజానికేసుకొని హైదరాబాద్ బస్సెక్కింది, దిగి ఇంకో బస్సు, ఆ తర్వాత షేర్ ఆటో. శంషాబాద్ ఎయిర్‌పోర్టు గోడ అవతల, బండల మీద, తుమ్మచెట్ల పక్కన ఆమె నిలబడే చోటు ఒకటున్నది. మామూలుగ ఆషాఢంల వస్తది. ఆషాఢంల పెళ్లిళ్లుండవు, ఫోటో స్టూడియోలు ఈగలు తోలుకుంటయి. అందరికీ అది గడ్డు నెల. సరితకు అదే పండుగ. మబ్బులు, తడిసిన రన్‌వే, నీళ్లు చిమ్ముకుంట లేచే విమానాలు.

ఫోన్ల విమానాల జాడ చూపే యాప్ తెరిచి బండ మీద పెట్టింది. పటం మీద పసుపు రంగు విమానాలు చీమల బారు లెక్క కదులుతున్నయి. లెన్స్ బిగించింది. పెళ్లిల తాళి కట్టేటప్పుడు చుట్టాల భుజాల మీద నుంచి తీసే లెన్సే ఇది. ఆ పని, ఈ పని ఒక్కటే ఆమెకు. ముడి పడే గడియ మళ్లా రాదు. చక్రం నేల వదిలే గడియ మళ్లా రాదు. 'ఇంకోసారి కట్టు బాబూ' అని పెళ్లికొడుకుకన్న చెప్పొచ్చు, పైలట్‌కు చెప్పరాదు.

"ఓ పిల్లా, ఏం చేస్తున్నవ్ గాడ?" గస్తీ జీపు ఆగింది. కానిస్టేబుల్ దిగిండు.

"గోడ లోపల ఏం తీస్తలేను సార్. లేచినంక, ఆకాశంలదే." అడగకముందే ఆధార్ కార్డు, స్టూడియో కార్డు తీసి చేతిల పెట్టింది.

ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి చూసిండు. "పోయిన నెల కూడా నువ్వేనా? ఈడ గొర్లు మేపేటాయన చెప్పిండు, వానల ఒక పిచ్చిపిల్ల నిలబడ్డదని."

"నేనే."

"విమానంల ఎక్కినవా ఎన్నడన్న?"

"లేదు సార్."

"నేను కూడా ఎక్కలే," అని కార్డు వాపస్ ఇచ్చి, కెమెరా తెరలకు ఒకసారి తొంగి చూసి, "సరే, జల్ది కానియ్యి" అన్నడు.

పెద్ద విమానం రన్‌వే చివర మలుపు తిరిగింది. ముందుగాల చప్పుడు రాదు. ముక్కు లేస్తది, ఎండకు నేల మీది గాలి నీళ్ల లెక్క వణుకుతది, అప్పుడు చప్పుడు వచ్చి ఛాతీకి తగులుతది. సరిత కాళ్లు వెడల్పు చేసి నిలబడ్డది. మోచేతులు పక్కటెముకలకు ఆనించింది. చేతులు కాదు తిరిగేది, నడుము. విమానం అద్దాల మీద చూపు పెట్టి, ఊపిరి బిగబట్టి, దానితోటి పాటు ఒళ్లంత తిరుగుకుంట పోయింది. టకటకటక. అది మబ్బుల కలిసినంక గాని ఊపిరి వదలలేదు.

తెరల చూసుకున్నది. కుడికి పోతున్నది, పోయిన దిక్కుకే. అక్షరాలు తీరుగ ఉన్నయి. ఇది నేను తీసింది, అనుకున్నది. తప్పయినా ఒప్పయినా ఉన్నది ఉన్నట్టు. దాన్ని ఒక్క బటన్ నొక్కి అబద్ధం చేసిండ్రు. అక్కడ, ఆ బండ మీద అర్థమైంది ఆమెకు, తన కడుపుమంట పేరు ఒక్కదాని గురించే కాదని.

ఫోన్ మోగింది. నాయిన.

"గోపాల్ పటేల్ ఫోన్ చేసిండు బిడ్డా. ఆదివారం అకాడమీ ఓపెనింగ్ అంట. నీ పేరు బోర్డు మీద పెట్టిస్తడంట. స్టేజీ మీద శాలువా కప్పుతడంట. మంచి మాటే అన్నడు. ఇంటికి రా."

ఇంటికి పోయేసరికి పొద్దు వాలుతుంది. కాటయ్య దొడ్డిల కూర్చొని ఒక గొర్రె కాలు ఒడిల పెట్టుకొని గిట్టల నడుమ దిగిన ముల్లు తీస్తున్నడు. సరిత తల్లి ఐలమ్మ గొర్రెపిల్లలను తల్లుల కిందికి వదులుతుంది.

"అయిపోయింది కదనే పంచాయితీ," అన్నది ఐలమ్మ. "నీ పేరు బైపాస్ మీదకెక్కుతుంది. మీ మేనత్తలు కుళ్లి సావాలె."

"నాకొద్దు అమ్మా."

కాటయ్య తల ఎత్తిండు. "ఏమొద్దు?"

"ఉల్టా విమానం కింద నా పేరొద్దు." ఫోన్ తీసి తాను తీసింది ఒకటి, బోర్డుది ఒకటి చూపించింది.

కాటయ్య చేతులు పంచెకు తుడుచుకొని ఫోన్ పట్టుకున్నడు. చదువు రాదు. రెండూ మార్చి మార్చి చూసిండు. "గద్ద ఈ పక్కనుండె. ఆ పక్కకెట్ల పోయింది?"

"తిప్పిండ్రు నాయినా. కుడిపక్క అంటే ఆ బోర్డు కాడ దక్షిణమంట. యముని దిక్కంట. అటు పోతే పాడు అని ఉత్తరానికి తిప్పుకున్నరు."

"దక్షిణమా?"

కాటయ్య ఫోన్ ఆమె చేతిల పెట్టి గొర్రె కాలు మళ్లా ఒడిలకు తీసుకున్నడు. ముల్లు ఒత్తి తీసిండు. తీసినంక కూడా కాలు వదలలేదు.

"వాడపల్లి కాడ కృష్ణ దాటి ఏటా ఎండకాలం మేం పోయేది ఏ దిక్కు?" అన్నడు.

"దక్షిణమే కదా," అన్నది ఐలమ్మ. 

"ఈడ గడ్డిపోస లేనప్పుడు మందను బతికించింది ఏ దిక్కు? మా నాయిన, మా తాత నడిచింది ఏ దిక్కు? యముని దిక్కంటడా?"

"మన సరిత పుట్టింది కూడా గాడనే కదా," ఐలమ్మ చంకలున్న గొర్రెపిల్లను దించింది. "దాచేపల్లి అవతల పత్తి చేను గట్టు మీద. నాకు యముడు కనపడలె. మంత్రసాని కనపడ్డది, కడుపునిండ బువ్వ పెట్టింది."

సరిత నవ్వింది. చాలా రోజులకు ముగ్గురూ నవ్విండ్రు. కాటయ్య నవ్వు ముందుగాల ఆగింది.

"ఆదివారం నేను కూడా వస్త," అన్నడు.

ఆదివారం బైపాస్ మీద, బోర్డు కిందనే టెంట్ వేసిండ్రు. డప్పులు, పూలదండలు, తెల్ల చొక్కాలు. వీడియో తీయడానికి పరశురాములునే పిలిచిండ్రు. ఆయన పొద్దటి నుంచి సరిత చెవుల పోరుతనే ఉన్నడు: "పెద్దోళ్లతోటి ఎందుకు. శాలువా కప్పిచ్చుకో, దండం పెట్టు, దిగు. రేపు వాళ్లింట్ల పెళ్లి మనకే వస్తది."

చిరంజీవి నిచ్చెన ఎక్కి చిన్న స్టిక్కర్ అంటిస్తున్నడు. ఫోటో: సరిత, మాడుగులపల్లి. కిందికి దిగి ఆమెను చూసి తల దించుకున్నడు. గోపాల్ సార్ మైకు అందుకున్నడు.

"మన ప్రాంతం బిడ్డ, మన కాటయ్య బిడ్డ తీసిన ఫోటో ఇది. ఆమె పేరు మొట్టమొదటిగ మన బోర్డు మీద పెడుతున్నం. రా బిడ్డా, పైకి రా."

సరిత స్టేజీ ఎక్కింది. ఆయన శాలువా విప్పిండు. ఆమె మెడ వంచలేదు. రెండు చేతులతోటి శాలువా అంచు పట్టుకొని మర్యాదగ మడిచి ఆయన చేతిలనే పెట్టింది.

"సార్, విమానం తిప్పియ్యండి ముందుగాల."

మైకు దగ్గరనే ఉన్నది. మాట టెంట్ అంత వినబడ్డది. గోపాల్ మైకుకు చెయ్యి అడ్డం పెట్టిండు. "పేరు అడిగినవ్, ఇచ్చిన. ఇంకేం కావాలె?"

"ఉల్టా విమానం కింద నా పేరు పెడితే తీసుడు రాని మనిషి అంటరు నన్ను. రెక్క కింద సూడుండ్రి, అక్షరాలు వెనుకకున్నయి. నేను గట్ల తియ్యలే."

కింద ముందు వరుసల నలుగురు తలలెత్తిండ్రు. ఆ వెనుక ఇంకో నలుగురు. ఫోన్లు పైకి లేచినయి, పెద్దది చేసుకొని చూస్తున్నరు. ఎవరో కిసుక్కుమన్నరు.

"దక్షిణం వద్దమ్మా," అన్నడు గోపాల్, గొంతు తగ్గించి. అందుల కోపం లేదు, భయమే ఉన్నది. "పిల్లల భవిష్యత్తు. నా మాట విను. ఇంకేదన్న అడుగు."

కాటయ్య టెంట్ గుంజ పక్కనుంచి ముందుకొచ్చిండు. భుజం మీది గొంగడి తీసి చేతి మీద వేసుకున్నడు. స్టేజీ ఎక్కలేదు.

"పటేలా, నేను పుట్టినప్పటి నుంచి దక్షిణానికి పోయి వస్తున్న. మంద పోయింది, మంద వచ్చింది. ఆ మంద ఎరువుతోటే కదా నీ పొలం పండుతుంది. ఆ దిక్కు పాడుదైతే నీ వడ్లు కూడా పాడు."

"కాటయ్యా, నువ్వు కూడా ఏంది..."

"నేను కొట్లాటకు రాలేదు. విమానం ముక్కు తిరిగినంక నీ పొలానికి మంద తోలుత. అంతదాక మంద మా దొడ్డిల ఉంటది."

గోపాల్ జనం దిక్కు చూసిండు, బోర్డు దిక్కు చూసిండు, పరశురాములు దిక్కు చూసిండు. "పరశురాములూ, ఆ కెమెరా ఆపు."

పరశురాములు ఆపలేదు. కళ్లద్దాలు నుదుటి మీదికి జరుపుకొని, కెమెరా మెల్లగ గోపాల్ మీది నుంచి సరిత మీదికి తిప్పిండు.

నిచ్చెన పట్టుకొని నిలబడ్డ చిరంజీవి అడిగిండు, "సార్, ఏం చేయమంటారు?"

గోపాల్ చేతిల శాలువా నలుగుతున్నది.

"ఏం చెయ్యాల్నో నేను చెప్త తమ్ముడు," అన్నది సరిత. మైకు మీద అడ్డం పెట్టిన చెయ్యిని పక్కకు జరిపింది. ఆమె గొంతు పెద్దది చెయ్యలేదు. "నిచ్చెన ఎక్కు. ఆ ఫ్లెక్స్ దించు. దుకాణం పక్కనే కదా, మిషను ఎక్కించు. ముక్కు నేను తీసిన దిక్కుకు పెట్టు. విమానం ఒంటి మీద మీరు తుడిచిన కంపెనీ పేరు మళ్లా రాయి. కింద నా పేరు, మా నాయిన పేరు, మా ఊరు పేరు పెట్టు, రోడ్డు అవతల నిలబడి చదివేటంత పెద్దగ. రేపు కాదు, మూర్తం సూసి కాదు. ఇప్పుడే, ఇంతమంది ఉండంగనే కట్టు."